ఎఱ్ఱదీపపు గాజుకై రాణీగంజు యాత్ర

యాత్ర యనగానే మన స్త్రీలకు కాశీరామేశ్వరములు, తిరుపతి శ్రీశైలములు జ్ఞప్తికి వచ్చును. మూటలు కట్టుకొని, రైలెక్కి, పదిదినములు ఇల్లు విడిచినగాని అది యాత్ర గాదని మన యభిప్రాయము. కాని తాము కాపురముండు పట్టణమునందే తామెన్నడును అడుగుపెట్టని వీథులు ప్రతి గృహిణికిని పెక్కు గలవు. చీరల బజారు మన మెఱుగుదుము. కూరగాయల బజారు మన మెఱుగుదుము. బంగారు దుకాణముల వరుసను కన్నులు మూసికొని చెప్పగలము. ఇనుపసామానుల బజారును, మోటారుసామానుల బజారును మాత్రము పురుషుల రాజ్యములని విడిచిపెట్టితిమి. ఈ వానకాలమున మేమును మా తోడికోడలును అట్టి యొక బజారునకు పోయి వచ్చితిమి. పోయినది అరచేతి వెడల్పుగల యొక యెఱ్ఱగాజు కొఱకు. ఆ త్రోవ విశేషములను, ఆ గాజును ఇంటనే బిగించిన విధమును మా సోదరీమణులకు తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నివాసము సికిందరాబాదులోని పడమటి మారేడుపల్లి. ఆషాఢమాసపు గాలివానలో నొకరాత్రి కొబ్బరిమట్ట యొకటి విఱిగి, ఇంటిముందు నిలిపియున్న కారు వెనుకభాగముపై పడినది. రేకునకు పెద్ద చేటు కలుగలేదు గాని, ఎడమప్రక్క వెనుకదీపపు గాజు మూడు ముక్కలైనది. మన యిండ్లలో దీనిని డేంజరు లైటందురు. లోపలి బల్బు చెడలేదు. మీట నొక్కిన వెలుగుచునే యున్నది. కాని యెఱ్ఱగాజు తొలగిపోవుటచే ఆ వెలుగు వెనుకకు తెల్లగా వచ్చుచున్నది.

"వెలుగుచున్నది గదా, ఎఱ్ఱనైన నేమి, తెల్లనైన నేమి?" యని కొందఱ కనిపించవచ్చును. రాత్రి త్రోవలో తెల్లని వెలుగు వాహనపు ముందుభాగమునకు గుర్తు, ఎఱ్ఱని వెలుగు వెనుకభాగమునకు గుర్తు. ఈ గుర్తు ప్రపంచమంతట నొక్కటియే. వెనుకనుండి వచ్చువానికి తెల్లని దీపము కనబడినచో, ఎదుటి బండి తనవైపునకు వచ్చుచున్నదో, తనకు ముందు పోవుచున్నదో, వెనుకకు జరుగుచున్నదో క్షణకాలము తెలియదు. వానలో స్కూటరుమీద వచ్చువానికి ఆ క్షణమే ప్రాణాంతకము కావచ్చును. చట్టము సయితము కారునకు వెనుక రెండు ఎఱ్ఱదీపము లుండవలయునని విధించుచున్నది.

మా తొందరకు వేఱొక కారణము గూడ గలదు. మా యత్తగారికి కంటికి శస్త్రచికిత్స జరిగినది. శుక్రవారము సాయంకాలమున ఆమెను హైదరాబాదు వైపునగల వైద్యశాలకు గొనిపోయి, చీకటిపడిన పిమ్మట ట్యాంకుబండు మీదుగా తిరిగి రావలయును. ఇంటి పురుషులు పనిమీద పొరుగూళ్ల కేగియున్నారు. ఒక మరమ్మతుశాలకు టెలిఫోను చేయగా, దీపము మొత్తము మార్చవలసి యుండుననియు, కారును నాలుగుదినములు తమయొద్ద విడువవలయుననియు చెప్పిరి. ఆనాడు మంగళవారము. మేము చింతించుచుండగా మా తోడికోడలు, "అక్కా, కుట్టుమిషను విప్పి నూనెవేసి మనమే బిగించుకొనుచున్నాము. రెండు మరలతో నిలిచిన గాజునకు ఇంత భయమేల? రాణీగంజులో దొరకని మోటారు సామాను లేదందురు, పోయి చూతము రండి" యన్నది. నిజముగా చూడగా మా పాతకారు దీపపు గాజు బయటినుండి రెండే మరలతో బిగింపబడియున్నది.

బయలుదేఱుటకు ముందు మూడు పనులు చేసితిమి. విఱిగిన ముక్కలన్నిటిని ఏఱి పాతగుడ్డలో చుట్టి సంచిలో నుంచుకొంటిమి. కారు పేరును, తయారైన సంవత్సరమును రిజిస్ట్రేషను పత్రము చూచి వ్రాసికొంటిమి. చెడని కుడిదీపమునకు ఫోనులో నొక ఛాయాచిత్రము తీసికొంటిమి. ఈ మూడును లేక పోయినవారు ఇంటికిని బజారునకును మరల మరల తిరుగవలసివచ్చును.

సికిందరాబాదు పుట్టుకయే దండుతో ముడిపడినది. 1798లో నిజామునకును ఆంగ్లేయులకును జరిగిన యొప్పందమునుబట్టి ఆంగ్లసేనలు హుస్సేను సాగరమున కుత్తరమున విడిసినవి. 1806లో, నాటి ప్రభువైన సికందర్ జా పేర, ఈ ప్రదేశమునకు సికిందరాబాదను నామము గలిగినది. జనులు మాత్రము దీనిని లష్కరనియే పిలిచిరి. లష్కరనగా దండు. దండున్నచోట బండ్లు, జీనులు, తుపాకులు బాగుచేయువారు ఉండవలయును గదా! నగరపు టుత్తరభాగమున కార్ఖానా యనియే యొక పేట గలదు. ఆ మాటకు పనిశాల యని యర్థము. 1874లో రైలు వచ్చినది. 1932 జూనులో నిజాము ప్రభుత్వపు రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది పనివారితోను రోడ్డు రవాణాశాఖను నెలకొల్పిరి. నేటి తెలుగు రాష్ట్రముల ఆర్టీసీ బస్సులకు అదియే మూలము. బండ్లు మారినవి గాని, వానిని బాగుచేయు వృత్తి యీ యూరిని విడువలేదు.

గడియారస్తంభము కడకు ఆటోరిక్షాలో వచ్చి యచ్చట దిగితిమి. 120 అడుగుల యెత్తుగల యీ స్తంభము 1897లో ప్రారంభింపబడినది. దీని గడియారమును దానము చేసినవారు సేఠ్ లక్ష్మీనారాయణ రామగోపాల్ గారు. ఆయన పేరనే రాంగోపాల్‌పేట వెలసినది. నిత్యము చూచు స్తంభమే యైనను, ఆనాడు దాని క్రింద నిలిచి తల యెత్తి చూచితిమి. ఎన్నో తరములవారికి వేళ తెలిపిన యీ గడియారమును గూడ ఎవరో యొకరు ఎక్కి విప్పి బాగుచేయుచుండుట చేతనే గదా యిది నిలిచియున్నది యని తోచినది.

అచ్చటినుండి ప్యాట్నీ కూడలి దాటి ప్యారడైజు కడకు వచ్చితిమి. తలపైని మెట్రోరైలు, క్రింద బస్సులు, ఆటోలు. అక్కడ ఎడమకు తిరిగినచో మహాత్మాగాంధీ రోడ్డు. పెద్దవారు దీనిని నేటికిని జేమ్సు స్ట్రీటందురు. కింగ్సువే యని యొకప్పుడు పిలువబడిన వీథి నేడు రాష్ట్రపతి రోడ్డైనది. పేర్లు మారినను దుకాణముల సందడి మారలేదు. బట్టలకు, నగలకు పేరుగన్న జనరల్ బజారు సమీపముననే గలదు. మా తోడికోడలు అటు ఒకమారు చూచినదిగాని, నాటి సంకల్పము వేఱు గనుక మేము నిలువలేదు.

ఉజ్జయినీ మహంకాళి యాలయమును ఆ ప్రాంతముననే యున్నది. సైన్యములో డోలీ మోయుచుండిన సురిటి అప్పయ్య యను భక్తుడు, కలరా వ్యాపించిన కాలమున ఉజ్జయినిలో అమ్మవారికి మ్రొక్కుకొని, 1815లో నిచట కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెనని చెప్పుదురు. ఆషాఢమున లష్కరు బోనాల కని వేపాకుతోరణములు కట్టుచుండిరి. ఆ దినమున స్త్రీలు పసుపు కుంకుమలతో నలంకరించిన బోనపు కుండను తలపై నెత్తుకొని, దానిమీద దీపము వెలిగించి నడతురు. ఎత్తుకొన్న యామెకు ఆ దీపము కనబడదు. వెనుక వచ్చువారికే కనబడును. మా సంచిలోని యెఱ్ఱగాజు ముక్కలును అట్టి దీపమునకు సంబంధించినవే యని మేము నవ్వుకొంటిమి.

రాణీగంజు చేరునప్పటికి పదునొకండు గంటలైనది. ఇచ్చటి దుకాణములు ముందు ఇరుకుగను, లోపల పొడవుగను ఉండును. ఒక దుకాణమునిండ నీటిపంపులు, మఱియొకదాని నిండ బేరింగులు, ఇంకొక చోట గొలుసులు, రబ్బరుబెల్టులు, గొట్టములు. గ్రీసువాసనయు, క్రొత్తరబ్బరు వాసనయు కలిసి వీథియంతట వ్యాపించియున్నవి. అట్టపెట్టెలు పైకప్పు దాక పేర్చబడియుండును. వానిలో ఏది యెక్కడనున్నదో దుకాణదారునకు మన వంటింటి డబ్బాలు మనకు తెలిసినట్లు తెలియును. ఆ బజారులో స్త్రీలు తక్కువగా కనబడిరి. అయినను మమ్ము వింతగా చూచినవారు లేరు. పనిమీద వచ్చినవారిని పనివారు గౌరవింతురు.

మొదటి దుకాణమున మా కారు గాజు లేదు. రెండవదానిలో దీపము మొత్తముగా, వారి మాటలో సెట్టుగా, మాత్రమే కలదు. మూడవ దుకాణమున నొక వృద్ధుడు కండ్లజోడు సవరించుకొని, "ఏం బండమ్మా? ఏ సాలు మోడలు?" అని యడిగెను. చీటి చూపితిమి. "గ్లాసొక్కటే కావాల్నా, సెట్టు కావాల్నా?" అనెను. గాజొక్కటే చాలునంటిమి. "ఎడమదా, కుడిదా?" అనెను. ఎడమదనగా, "వెనక నిలబడి చూస్తే ఎడమనా, సీట్ల కూసుంటే ఎడమనా?" యని మరల ప్రశ్నించెను. ఈ ప్రశ్న మిక్కిలి విలువైనది. మోటారు సామానులలో ఎడమకుడులను కారులో ముందునకు చూచుచు కూర్చున్నవాని చేతులనుబట్టి లెక్కింతురు. కారునకు ముందు నిలిచి ముందుదీపమును చూచినవారికి ఇది తారుమారగును.

ఆయన రెండు గాజులు తెచ్చి బల్లపై నుంచెను. ఒకటి వెల తక్కువది, రెండవది కొంచెము హెచ్చుది. గాజందుముగాని నేడిది ప్లాస్టిక్కే. మా ముక్కలను ఒక్కొక్కదానిమీద పేర్చి చూచితిమి. మర తూట్లు రెంటికిని సరిపోయినవి. వెలుతురునకు పట్టి చూడగా తక్కువవెల దాని రంగు ఒకచోట చిక్కగను, ఒకచోట పాలిపోయినట్లును ఉన్నది. మఱియొక భేదమును వృద్ధుడు చూపెను. మంచి గాజు లోపల నొకభాగమున తేనెపట్టు గదులవలె సన్నని మూలలు చెక్కబడియుండును. వెలుగు ఏ దిక్కునుండి వచ్చునో ఆ మూలలు దానిని ఆ దిక్కునకే త్రిప్పిపంపును. అందుచేత కారు దీపములార్పి త్రోవప్రక్కన నిలిపియున్నను, వెనుకవచ్చు బండి వెలుగు తగిలి ఆ భాగము నిప్పుకణమువలె మెఱయును. తక్కువవెల దానిలో ఆ చెక్కడము మొక్కుబడిగా నున్నది. మేము రెండవదానినే తీసికొంటిమి. దానితోపాటు గాజు క్రిందనుంచు రబ్బరుపట్టీని, రెండు క్రొత్తమరలను గూడ కొంటిమి. మొత్తము వెల, సెట్టు వెలలో ఆరవవంతు.

ఇక ఇంటివద్ద చేసిన పని. బుధవారము ప్రొద్దున్నే, వెలుతురు బాగుగ నున్నప్పుడు మొదలిడితిమి. కారు సమనేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, తాళపుచెవి తీసివేసి, దీపము లార్పి, బల్బు చల్లారువఱకు ఆగితిమి. పిల్లలను దూరముగ కూర్చుండబెట్టి, చేతులకు మందపుగుడ్డ చుట్టుకొని, చట్రమున మిగిలిన పెళుసుముక్కలను తీసివేసితిమి. పాతమరలలో నొకటి సులభముగ వచ్చినది. రెండవది త్రుప్పుపట్టి కదలలేదు. ఇట్టిచోట బలము చూపరాదు. మర తలగాడి అరిగిపోయినచో పని పదిరెట్లగును. రెండుచుక్కలు కుట్టుమిషను నూనె వేసి, కాఫీ త్రాగివచ్చి, గాడికి సరిగా సరిపోవు స్క్రూడ్రైవరుతో గట్టిగ అదిమిపట్టి త్రిప్పగా నెమ్మదిగ వదలినది.

లోపల వాననీరును, మట్టియు చేరియున్నవి. మెత్తని పొడిగుడ్డతో నద్ది తీసితిమి. బల్బు వెనుకనుండు వెండివంటి పూతను బూడిదతోగాని పీచుతోగాని తోమరాదు. అది మిక్కిలి పలుచని పూత. రుద్దినచో నూడిపోవును, దీపము వెలవెలబోవును. బల్బును కొంచెము లోనికి నొక్కి త్రిప్పిన బయటికి వచ్చును. మా కారు బల్బులో రెండు తీగెలు గలవు. 5 వాట్లది ఎల్లప్పుడు వెలుగునది, 21 వాట్లది బ్రేకు నొక్కినపుడు వెలుగునది. బల్బుప్రక్కల నుండు చిన్నమేకులు రెండును ఒకే యెత్తున నుండవు. ఒక విధముగనే లోనికి పోవునట్లు అటు లేర్పరచిరి. పోకున్నచో త్రిప్పి పెట్టవలయునుగాని బలవంతముగ దూర్చరాదు.

పాత రబ్బరుపట్టీ తీసి, అంచు తుడిచి, క్రొత్తది మడతలు లేకుండ పఱచి, గాజును మీద నుంచి మరలు చేతితో తగిలించితిమి. ఒక మరను పూర్తిగ బిగించి తరువాత రెండవదాని జోలికి పోరాదు. అప్పడము నొత్తునప్పుడు కఱ్ఱను అన్నివైపులకు సమముగ నడుపుదుము గదా! అట్లే దీని కొకచుట్టు, దాని కొకచుట్టు చొప్పున బిగించవలయును. రబ్బరు అణగినట్లు తెలియగానే ఆపవలయును. అంతకు మించిన క్రొత్తగాజు మరతూటికడ పగులును. దీపపు టడుగున నీరుపోవుటకు చిన్నరంధ్రమున్నచో దానిని మూయరాదు.

అంతయు నైన పిదప మా తోడికోడలు లోపల కూర్చుండి ఒక్కొక్క మీట నొక్కగా, మేము వెనుక నిలిచి చూచితిమి. ఎఱ్ఱదీపము, బ్రేకుదీపము, ప్రక్కకు తిరుగు సూచకదీపము అన్నియు సరిగ వెలిగినవి. ఒంటరిగ నున్నవారు సాయంకాలమున కారు వెనుకభాగమును గోడకు చేరువగ నిలిపి, గోడపై పడు వెలుగును అద్దములో చూచుకొనవచ్చును. కడపట చెంబెడు నీరు గాజుపై పోసి, కొంతసేపటికి లోపల తేమ లేదని నిశ్చయించుకొంటిమి. పని మొత్తమునకు పట్టినది, కాఫీ వేళతో గూడ, గంటకు లోపే.

అన్ని కార్లకును ఈ పద్ధతి చెల్లదు. ఇప్పటి కార్లలో చాలవఱకు గాజును చట్రమునకు జిగురుపదార్థముతో నతికియుందురు. దానిని వేడిచేసి విడదీయుట ఇంటిపని గాదు. అట్టివానికి దీపము మొత్తము మార్చుటయే మేలు. అదియు పెక్కు కార్లలో, వెనుక డిక్కీలోపలి రెండుమూడు నట్టులను విప్పి, తీగెల ప్లగ్గును ఊడదీసి, క్రొత్తదానిని కూర్చుటయే. ముందుదీపముల విషయమున మఱింత జాగ్రత్త వలయును. వాని వెలుగు ఒక యెత్తున, ఒక దిశను పడవలయును. తప్పినచో ఎదుటివాని కన్నులు మిఱుమిట్లు గొనును. కనుక వానిని మార్చినపిమ్మట తెలిసినవారిచే సరిచూపించవలయును. హాలొజెన్ బల్బు గాజును వ్రేళ్లతో తాకరాదు. చేతి జిడ్డంటినచోట వేడి హెచ్చి బల్బు త్వరలో చెడును. గాజు దొరకువఱకు ఎఱ్ఱని పారదర్శకపు టేపును అంటించుట ఒకటి రెండు రాత్రులకు మాత్రమే తగిన యుపాయము.

శుక్రవారము రాత్రి ఎనిమిదిగంటలకు మా యత్తగారిని వెంటబెట్టుకొని ట్యాంకుబండు మీదుగా వచ్చితిమి. జల్లు పడుచున్నది. పదునాఱవ శతాబ్దమున కుతుబుషాహీ ప్రభువుల కాలమునాటి యా చెఱువుగట్టే నేటికిని జంటనగరములను కలుపు త్రోవ. మాకు ముందు వరుసగ వందలకొలది యెఱ్ఱదీపములు, తడిసిన త్రోవపై వాని నీడలు. ఏ యింటివారివో తెలియదు. ఏ తల్లియో, ఏ బిడ్డయో అందున్నారో తెలియదు. అయినను వారి దీపములను చూచియే మేము ఆగితిమి, సాగితిమి. మా వెనుకవచ్చువారును మా దీపమును చూచి అట్లే సాగిరి. అత్తగారు కంటికట్టు సవరించుకొని, "మన వెనుకదీపము వెలుగుచున్నదా, అమ్మాయీ?" యని యడిగిరి. "వెలుగుచున్నది, అత్తయ్యా" యని మా తోడికోడలు బదులు చెప్పినది.

మన గుమ్మమున సందెదీపము వెలుగుచున్నదో లేదో మనము ప్రతిదినము చూచుకొందుము. కారు వెనుకదీపమును మనము నడపునప్పుడు చూడజాలము. అందుచేతనే అది చాలకాలము విఱిగియున్నను తెలియదు. వానకాలము ముగియులోపల సోదరీమణులు ఒక సాయంకాలము తమ యింటి కారు వెనుకకు పోయి, ఒకరిచే బ్రేకు నొక్కించి, నాలుగు దీపములను చూచుకొందురు గాక. గాజు పగిలియున్నచో ఆ ముక్కలను ఏఱి సంచిలో నుంచుకొని, తమ తమ యూళ్ల మోటారుసామానుల వీథికి నిస్సంకోచముగ పోయివత్తురు గాక.